పొద్దుల కుండమార్పిడి

22,258వ నడక

దీపం తూర్పు గోడ దగ్గర ఆరింటికి బయలుదేరింది. చక్రాలు బాగున్నాయి. పట్టాలు బాగున్నాయి. మనుషులే బాగాలేరు.

ఈ పుస్తకంలో బయలుదేరిన వేళ, చేరిన వేళ, ఆలస్యం, కారణం, ఈ నాలుగే రాయాలని నాకు ముందు దీపం నడిపిన పెద్దాయన గట్టిగా చెప్పి తప్పుకున్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆలస్యం గడిలో నేను సున్నా తప్ప మరేమీ వేయలేదు. అంచున ఖాళీ ఊరికే పోతోంది కాబట్టి మిగతా సంగతులు అక్కడ రాసుకుంటున్నాను. కాదనేవాళ్ళు వచ్చి ఈ గూట్లో పన్నెండు గంటలు కూర్చుని చూడండి, అప్పుడు మాట్లాడుకుందాం.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. నా పేరు నూకరత్నం. చందమామ లోపల, మూడు కిలోమీటర్ల సొరంగంలో ఉంది మా వెన్నెలపాలెం. కప్పుకు వేలాడే పట్టాల మీద ఈ దీపం పొద్దున తూర్పు కొస నుంచి బయలుదేరి సాయంత్రం ఆరుకు కాస్త ముందే పడమటి కొస చేరుతుంది. ఆరింటికి ఆర్పేసి మళ్ళీ తూర్పుకు తెచ్చుకుంటాను. అది ఒక నడక. మాకు సూర్యుడంటే ఇదే. ఆ సూర్యుడి కింద గూట్లో కూర్చుని మీట తిప్పే మనిషిని నేను.

ఇవాళ సాయంత్రం పడమటి కొసకు చేరేసరికి మా వియ్యపురాలు మంగాయమ్మ డాబా మీద వడియాల గుడ్డ పక్కన నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది.

"వదినగారూ, వడియాలు ఇంకా పచ్చిగానే ఉన్నాయండి. ఓ రెండు నిమిషాలు ఎక్కువ ఆపండి."

"రెండు సెకన్లు కూడా ఆపను వదినగారూ. మీకు ఆపితే ఊరందరికీ ఆపాలి."

"మీకేటండీ, నడిమి వీధిలో ఉన్నారు. మీకు పొద్దున్నా ఒకటే, సాయంత్రమూ ఒకటే. మా సంగతి రేపు సభలో చెప్తాను, ఆయ్."

సరిగ్గా ఆరింటికి ఆర్పేశాను. వడియాల మాట తర్వాత ఆవిడ ఏమందో నేను రాయను, మా కోడలు కన్నతల్లి కదా.

ఆలస్యం: సున్నా.

22,259వ నడక

ఊళ్ళో ఏది మార్చాలన్నా దీపం నడిమి వీధి మీదికి వచ్చే పన్నెండింటికి అక్కడే సభ పెట్టాలి. అందరూ తలెత్తితే నేను కనబడతాను. కానీ దీపం నడిపేవాళ్ళకు ఓటు లేదు, మాటా లేదు. దీపం ఎవరి పక్షమూ కాకూడదని ఊరు కట్టిన మొదటివాళ్ళు పెట్టిన కట్టడి.

మంగాయమ్మ లేచింది. "అరవై ఒక్క ఏళ్ళయిందండి. మా పిల్లలు చీకట్లో తడుముకుంటా బడికెళ్తన్నారు. తొమ్మిదయితేగాని మా కొసాన చేతిగీతలు కనపడవు. పైపెచ్చు మమ్మల్ని నిద్రమొహాలంటారు. ఏడాది మార్చి ఏడాది దీపం మా వైపు నించి బయల్దేరాల. అంతే."

తూర్పు తరఫున మా బావ సత్తిరాజు లేచాడు. చనిపోయిన మా అక్క భర్త. ఊళ్ళో సగం ఇళ్ళకు ముగ్గు పోసి, కొలతలు వేసి, వాస్తు చెప్పింది ఆయనే. "దీపం పడమటేపు పొడవడం ఏటండీ? మన పెద్దోళ్ళకి తెలీకనా తూర్పున పెట్టింది? ఈ ఊళ్ళో ప్రతి వంటిల్లూ ఆగ్నేయంలో ఉందండి. దీపం అటు తిరిగితే దిక్కులన్నీ తిరుగుతాయి. వంటిళ్ళన్నీ వాయవ్యంలోకి పోతాయి. రేపు మన పొయ్యిలు వెలిగినట్టే."

ఎవరో కుర్రవాడు రోజు విడిచి రోజు తిప్పమన్నాడు. వంగమొక్కలకు పిచ్చెక్కుతుందని రెండు వైపులవాళ్ళూ కలిసి అతన్ని కూర్చోబెట్టారు. ఇవాళ వాళ్ళు కలిసి చేసిన పని అదొక్కటే.

పైనుంచి నాకు మాటలు సగమే వినబడతాయి గాని తలలు బాగా కనబడతాయి. మంగాయమ్మ "అరవై ఒక్క ఏళ్ళు" అన్నప్పుడల్లా తూర్పువాళ్ళకు తమను దొంగలన్నట్టు వినబడుతోంది. బావ "పెద్దోళ్ళు" అన్నప్పుడల్లా పడమటివాళ్ళకు మీరెవరని అడిగినట్టు వినబడుతోంది. సభ మొదట్లో అందరూ కలగలిసి నిలబడ్డారు. ముగిసేసరికి మధ్యలో బండి పట్టేంత సందు ఏర్పడింది. ఓట్లు సగం, సగం.

నిజం రాయాలంటే, నాకూ మార్చడం ఇష్టం లేదు. ఈ మీట తూర్పు నుంచి పడమటికే తిప్పడం నా చేతికి తెలుసు. చెయ్యి నేర్చుకున్నదాన్ని మళ్ళీ మరిచిపొమ్మంటే ఎలా?

22,266వ నడక

తెలివైన పని చేద్దామనుకుని బుద్ధి తక్కువ పని చేశాను. ఏ కొసన ఎన్నింటికి ఎంత వెలుగు పడుతుందో నా దగ్గర పట్టిక ఉంది. లెక్క కళ్ళ ముందు పెడితే గొడవ చల్లారుతుందని దాన్ని నడిమి వీధి గోడకు అంటించాను.

మంగాయమ్మ వచ్చి చదివి, పడమటి కొసన పొద్దున తొమ్మిది దాకా గుడ్డి వెలుగేనని ఉన్న వరస కింద పసుపు గీత గీసింది. బావ వచ్చి చదివి, రెండు కొసలకూ రోజు మొత్తం మీద వెలుగు సమానమేనని ఉన్న వరస కింద కుంకుమ గీత గీశాడు. ఇద్దరూ నాకు దండం పెట్టి, మా మాట నిజమని తేల్చావని మెచ్చుకుని వెళ్ళారు. ఒక్క కాగితం ఇద్దరినీ ఇంకో మెట్టు పైకెక్కించింది. రెండు గీతలూ నిజమే, అదే తంటా.

22,274వ నడక

కబురు బాగాలేదు. పడమటివాళ్ళు పాత డేరాగుడ్డలన్నీ పోగేసి ఒక తెర కుడుతున్నారు. 22,300వ నడక నాడు దాన్ని నడిమి వీధిలో, సరిగ్గా మా గుమ్మం ముందు, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా కట్టేస్తారట. అవతల చిన్న దీపాలు పెట్టుకుని వాళ్ళ పొద్దు వాళ్ళు పొడిపించుకుంటారట. అప్పుడు నేను మధ్య దాకా వచ్చి ఆగి వెనక్కి తిరగాలి.

మా అబ్బాయి కాపురం పడమటి వీధిలో. పండగకు వాళ్ళు రావాలంటే తెర ఎత్తి దూరి రావాలి. ఒక ఊరికి ఒక పొద్దు ఉండాలి. రెండు పొద్దులుంటే అవి రెండు ఊళ్ళు. ఇరవై ఆరు రోజులుంది. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. పైనున్నాను కాబట్టి ఎవరూ చూడలేదు. ఇక్కడ కన్నీళ్ళు కూడా నెమ్మదిగానే జారతాయి, తుడుచుకోవడానికి బోలెడంత వ్యవధి ఉంటుంది.

ఆలస్యం: సున్నా.

22,283వ నడక

దీపాన్ని తూర్పుకు చేర్చి ఏడింటికి దిగగానే బావ ఇంటికి వెళ్ళాను. ఇంటి ప్లాను ముందు వేసుకుని కూర్చున్నాడు.

"చూడవే రత్నం, వంటిల్లు వాయవ్యంలోకి పోద్ది."

"బావా, చందమామ కడుపులో కూచుని వాయవ్యం ఏంటి? నీ అసలు బాధేంటో చెప్పు."

చాలాసేపు ప్లాను మడతపెట్టాడు, విప్పాడు. తర్వాత వంటింట్లోకి తీసుకెళ్ళాడు. కిటికీ ఎదురుగా మా అక్క పీట అలాగే వేసి ఉంది. అక్క పోయి నాలుగేళ్ళయింది.

"పొద్దున్న ఆరింటికి నువ్వు దీపం వెలిగించగానే మొట్టమొదటి వెలుగు ఈ పీట మీద పడుద్దే. మీ అక్క దాని మీద కూచుని కాఫీ కలిపేది. ఇప్పటికీ నేను రెండు గ్లాసులు కలుపుతాను. ఒకటి ఈ పక్కన పెట్టి కూచుంటాను. తిప్పేశారనుకో, ఆ వెలుగు ఎక్కడ పడుద్ది? పొద్దున్నే చీకట్లో పీట కేసి చూత్తా కూచోవాలా?"

"ఈ ముక్క సభలో చెప్పొచ్చుగా."

"ఊరందరి ముందూ పీట గురించి ఏడవనా? అందుకే వాస్తు చెప్పాను."

మా బావ కంట నీరు చూడడం నాకు ఇది రెండోసారి. ముందు గదిలోకి వచ్చి నేను కూడా ప్లాను మడతపెట్టాను.

22,284వ నడక

ఈ పొద్దున దీపం వెలిగించగానే బావ వంటింటి కిటికీ కేసి చూశాను. పీట వెలిగింది. రెండు గ్లాసులూ వెలిగాయి. అప్పుడు తట్టింది నా మట్టిబుర్రకి. ఆ వెలుగు పీట మీద పడుతున్నది ఆరయినందుకు కాదు, దీపం ఇక్కడ ఉన్నందుకు. పడమటి నుంచి బయలుదేరినా చివరికి దీపం వచ్చి ఆగేది ఇక్కడే, ఇదే బోల్టు దగ్గర. అంటే సాయంత్రం ఆరింటికి ఇదే వెలుగు ఇదే పీట మీద పడుతుంది. పొద్దుటి మొదటి వెలుగుకు బదులు ఊరి చివరి వెలుగు.

పన్నెండు గంటలు ఈ మాట కడుపులో పెట్టుకుని నడిపాను. దిగగానే బావకు చెప్పాను. ఆయన పీట కేసి చూసి, నా కేసి చూసి అన్నాడు: "సాయంత్రం ఆరింటికి మీ అక్క ఇంట్లో ఎప్పుడుందే? మంగాయమ్మ అరుగు మీద వామనగుంటలు ఆడతా ఉండేది."

ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. నిజమే. సాయంత్రం అయ్యేసరికి తూర్పు కొస మసకబారుతుంది. అక్కే కాదు, తూర్పున సగం మంది ఆడవాళ్ళు వెలుగు ఉన్న పడమటి అరుగుల మీదికి చేరేవాళ్ళు.

బావ నవ్వు ఆపి మెల్లగా అన్నాడు. "అయితే ఇప్పుడు మీ అక్క సాయంత్రం ఇంటికొచ్చినట్టవుద్ది."

22,285వ నడక

పడమటి కొసన దీపం ఆర్పి, దాన్ని వెనక్కి తీసుకుపోయే ముందు నిచ్చెన దిగి మంగాయమ్మ దగ్గరికి వెళ్ళాను. వెలుగు ఉండగా మొదలుపెట్టిన తెర అంచును అరుగు మీద పదిమంది చిన్న దీపం పెట్టుకుని ముగిస్తున్నారు. మరచెంబుతో కాఫీ, మినప చెక్కలు. కబుర్లే కబుర్లు.

"వదినగారూ, దీపం మీ వైపు నుంచి బయలుదేరితే సాయంత్రాలు తూర్పుకు పోతాయి. మీ కొసన మూడింటికే మసక కమ్ముకుంటుంది. ఈ అరుగు మీద ఇలా కూర్చోవడం కుదరదు. తెలుసా?"

సూది ఆగిపోయింది. "మూడింటికేనా?"

"మూడింటికే."

"అప్పుడు వడియాలో?"

"పొద్దున్నే పెట్టుకోవాలి."

మంగాయమ్మ అరుగును చేత్తో తడిమింది. ఆవిడ వామనగుంటల బల్ల ఇంకా ఆ మూలే ఉంది, మా అక్క ఆడిన వైపు గుంటలు నున్నగా అరిగి ఉన్నాయి. "ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరూ అనలేదేటండీ?"

"మీరు ఎవరినైనా అననిచ్చారేటండీ?"

వెనక్కి నడుపుతూ ఆలోచించాను. తూర్పువాళ్ళు తమ ఉదయం పోతుందని ఏడుస్తున్నారు, సాయంత్రం వస్తుందని చూసుకోలేదు. పడమటివాళ్ళు ఉదయం కావాలంటున్నారు, తమ చేతిలో సాయంత్రం ఉందని చూసుకోలేదు. ఉన్నదాన్ని ఎవరూ ఉందని అనుకోరు, అది పోతుందంటే తప్ప. పైగా ఎవరు ఒప్పుకున్నా ఇన్నాళ్ళూ తప్పు చేశామని ఒప్పుకున్నట్టే. ఆ ముక్క మింగుడుపడకే ఇంత యాగీ. పట్టాల మీద పోతూ పోతూ ఉండగా మా అమ్మమ్మ పెళ్ళి కథ గుర్తొచ్చింది. గూట్లో ఒక్కదాన్నే పకపకా నవ్వుకున్నాను.

22,288వ నడక

ఇవాళ నేను కట్టడి తప్పాను. పన్నెండింటికి కింద సభ. మధ్య సందు ఇంకా వెడల్పయింది, రెండు బళ్ళు పడతాయి. గూట్లో ఉన్న మైకు అందుకున్నాను.

"నాకు ఓటు లేదు, తెలుసు. మాటా లేదు, అదీ తెలుసు. తర్వాత తిట్టండి. మా అమ్మమ్మని తాతకిచ్చారు, తాత చెల్లెల్ని అమ్మమ్మ అన్నకి తెచ్చుకున్నారు. కుండమార్పిడి. మనుషులతో ఆ పద్ధతి ఎప్పుడో మానేశాం, మంచి పని చేశాం. పొద్దులతో చేసుకుంటే ఏం పోయింది? తూర్పువాళ్ళు తమ ఉదయాన్ని పడమటింటికి ఇస్తారు. పడమటివాళ్ళు తమ సాయంత్రాన్ని తూర్పింటికి ఇస్తారు. ఇద్దరూ ఇచ్చినవాళ్ళే, ఇద్దరూ పుచ్చుకున్నవాళ్ళే. ఏడాదికి పిల్లలిద్దరూ పుట్టిళ్ళకొస్తారు. పిల్లని అత్తారింటికి పంపితే ఇన్నాళ్ళూ పెంచింది తప్పని ఎవరైనా అంటారా?"

 తూర్పు వైపు నుంచి ఒక ముసలావిడ అడిగింది. "సారె ఏం పెట్టాలి?"

అంతే. పెట్టుపోతల దాకా మాట వచ్చాక మా ఊళ్ళో ఇంక ఎవరూ ఆగరు. చలిమిడి తూర్పు బియ్యంతోనా పడమటి బెల్లంతోనా అని వాదన మొదలైంది. బియ్యం అటు, బెల్లం ఇటు పండుతుంది కాబట్టి కలిపితేగాని చలిమిడి కాదని తేలింది. వాస్తు సంగతేంటని ఎవరో బావని అడిగారు. ముప్ఫై రోజులు ఊరిని వణికించిన మనిషి రెండు నిమిషాల్లో తేల్చేశాడు. "ఏడాదికోసారి పుట్టింటికొచ్చే దిక్కుకి దోషం అంటదండి. పేర్లు కూడా మారవు. తూర్పోళ్ళు తూర్పోళ్ళే."

ఓట్లు వేశారు. ఇరవై మూడు మంది తప్ప అందరూ సరేనన్నారు. ఆ ఇరవై మూడు మందీ వంటలకు ఒప్పుకున్నారు.

22,298వ నడక

పొద్దుల పెళ్ళి ఎల్లుండే, పనులు సాగుతున్నాయి. రెండు వైపులా రోకళ్ళు ఆడుతున్నాయి. ఇక్కడ బరువు చాలదు కాబట్టి రోకళ్ళకు ఇనప బిళ్ళలు కట్టి దంచుతున్నారు. పిండి లేచి గాల్లో తేలుతూ నా గూటి అద్దం దాకా వచ్చింది. మూడుసార్లు తుడిచాను.

ఒక్క చిక్కు వచ్చింది. ఇద్దరూ మగపెళ్ళివాళ్ళమే అంటున్నారు. పిల్లని తెచ్చుకుంటున్నాం కాబట్టి మాకు మర్యాద చెయ్యాలని తూర్పువాళ్ళు అలిగారు. అదే మాట మీద పడమటివాళ్ళూ అలిగారు. అందరూ మగపెళ్ళివాళ్ళే కావడంతో కాఫీ ఇచ్చే దిక్కు లేకపోయింది. చివరికి మా నడిమి వీధివాళ్ళం కాఫీ కాచి రెండు వైపులా అలక తీర్చాం. మంగాయమ్మ పంచదార తక్కువైందని రెండోసారి అలిగింది. ఈ అవకాశం మళ్ళీ ఏడాది దాకా రాదు కదా.

22,300వ నడక

తెర కట్టాల్సిన రోజు ఇవాళే. కట్టారు.

అంత కష్టపడి కుట్టిన గుడ్డ వృథా ఎందుకని అడిగింది మంగాయమ్మే. పెళ్ళికి అడ్డుతెర కావాలి కదా అంది. నడిమి వీధిలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా కట్టి, అటు పడమటివాళ్ళు, ఇటు తూర్పువాళ్ళు జీలకర్ర బెల్లం చేతిలో పట్టుకుని నిలబడ్డారు. పైనుంచి రెండు వైపులూ కనబడుతున్నది నాకొక్కదానికే. ఇటు బావ కొత్త పంచె మళ్ళీ మళ్ళీ సర్దుకుంటున్నాడు. అటు మంగాయమ్మ కాలివేళ్ళ మీద లేచి తెర మీంచి తొంగి చూడబోతే పక్కవాళ్ళు వెనక్కి లాగారు.

పన్నెండింటికి దీపం సరిగ్గా తెర నెత్తి మీదికి వచ్చింది. గంట కొట్టాను. తాళ్ళు వదిలారు.

ఇక్కడ ఏదీ గబుక్కున పడదు. తెర మెల్లగా దిగింది. ముందు జుట్లు కనబడ్డాయి, తర్వాత నుదుళ్ళు, తర్వాత కళ్ళు. కళ్ళు కలిసిన దగ్గర నుంచే నవ్వడం మొదలుపెట్టారు. మూతులు కనబడేసరికి ఊరంతా నవ్వుతోంది. బావ జీలకర్ర బెల్లం మంగాయమ్మ నెత్తిన పెట్టబోయి, వావి గుర్తొచ్చి, ఆవిడ చేతిలో పెట్టాడు. తెర నేల తాకాక దాని మీదే విస్తళ్ళు వేసి కూర్చున్నారు. నాకు బుట్టలో భోజనం పైకి పంపారు. చలిమిడి బాగుంది. బెల్లం ఎక్కువైంది, అయినా బాగుంది.

సాయంత్రం దీపం పడమటి కొస చేరింది. ఆర్పాను. ముప్ఫై ఒక్క ఏళ్ళలో మొదటిసారి దాన్ని వెనక్కి తీసుకుపోలేదు.

22,301వ నడక

పొద్దున ఆరింటికి పడమటి డాబాల మీద అందరూ నిద్ర మానుకుని నిలబడ్డారు. దీపం వెలిగించాను. మీట తిప్పాను. దీపం ధడాలున వెళ్ళి పడమటి గోడకు గుద్దుకుంది. నా చెయ్యి పాత అలవాటున పడమటికే తిప్పింది. డాబాలన్నీ గొల్లుమన్నాయి. "కొత్త పెళ్ళికూతురు కదండీ, గుమ్మం తగిలింది" అని మంగాయమ్మ అరిచింది. నేనూ నవ్వాను. నవ్వుతూ మీట అటు తిప్పాను. దీపం కదిలింది. బడికెళ్ళే పిల్లలు తమ నీడలు తామే తొక్కుకుంటూ పరిగెత్తారు.

ఆరుకు నాలుగు నిమిషాలు ఉందనగా తూర్పు కొస చేరాను. బావ అరుగు నిండా జనం. పడమటి నుంచి నడిచి వచ్చారు, అరుగు వెతుక్కుంటూ. మధ్యలో మంగాయమ్మ, ఎదురుగా వామనగుంటల బల్ల. అవతల మా అక్క పీట. బావ దాన్ని వంటింట్లోంచి తెచ్చి అరుగు మీద వేశాడు. పీట మీద వెలుగు పడుతోంది. పక్కన గ్లాసులు రెండు కాదు, పదిహేను.

ఆరు అయింది. మీట మీద చెయ్యి వేశాను. బావ తలెత్తి చూశాడు.

"రత్నం, ఆట మధ్యలో ఉందే. ఓ రెండు నిమిషాలు ఆపవే."

మంగాయమ్మ కూడా తలెత్తి చూసింది. ఆవిడ వడియాలు నాకు గుర్తొచ్చాయి, ఆవిడకూ గుర్తొచ్చినట్టే ఉంది. 

బయలుదేరిన వేళ: ఆరు.

చేరిన వేళ: అయిదూ యాభై ఆరు.

ఆలస్యం: ఆర్పడంలో రెండు నిమిషాలు.

కారణం: దీపం నడిపే మనిషి.